ధర్మాసనమునందు శాస్త్రజ్ఞుని సాక్ష్యము

సాక్షాత్తుగాఁ జూచినవాఁడు సాక్షి యని పాణిని యీ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పెను. కన్నులారఁ జూచుటవలనను జెవులార వినుటవలనను సాక్ష్యము సిద్ధించునని మనువు లక్షణము నిర్ణయించెను. ఈ లక్షణమును బట్టి విచారించినచో నేఁడు న్యాయస్థానములందు బోనెక్కి ప్రమాణము చేయుచున్న వైద్యుఁడును, రసాయనశాస్త్రజ్ఞుఁడును, లిపిపరీక్షకుఁడును సాక్షు లనిపించుకొన నేరరు. హత్య జరిగినపుడు వైద్యుఁ డచట లేఁడు. అన్నమున విషము కలుపుచుండఁగా రసాయనశాస్త్రజ్ఞుఁడు చూడలేదు. పత్రము వ్రాయుచుండఁగా లిపిపరీక్షకుఁడు ప్రక్కను గూర్చుండలేదు. వీరు చెప్పునది చూచిన సంగతి కాదు. చిహ్నములను బట్టి యూహించిన సంగతి. సామాన్యసాక్షి తనకుఁ దోఁచినది చెప్పఁబోయినచో న్యాయవాది లేచి యాక్షేపించును. చూచినదే చెప్పుమని న్యాయాధిపతి మందలించును. శాస్త్రజ్ఞునిమాత్రము తోఁచినది చెప్పుటకే పిలిపింతురు. ఈ విశేషాధికార మతనికి నెట్లు గలిగెను? దాని కవధి యెంతవఱకు? ఈ ప్రశ్నలు కేవలము వాదకుతూహలమువలనఁ బుట్టినవి కావు. అతని యొక్కమాటవలన నొకఁ డురికంబ మెక్కుటయు, నొకఁడు విడుదల పొందుటయుఁ గలదు. కావున నీ సంప్రదాయముయొక్క పూర్వోత్తరములు విచారింపఁదగియున్నవి.

ఈ విచారమునకు మన దేశమునఁ బ్రాచీనమైన యాధారము కౌటిలీయార్థశాస్త్రము. 1909 వ సంవత్సరమున మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన యీ గ్రంథమున, కంటకశోధనాధికరణమునందు ఆశుమృతకపరీక్ష యను ప్రకరణ మొకటి గలదు. ఆకస్మికముగా మృతినొందినవాని శరీరమునకుఁ దైలము పూసి పరీక్షింపవలయు ననియు, ఊపిరి నిలిపి చంపఁబడినవానికిని, నీట మునిఁగినవానికిని, కొట్టఁబడినవానికిని వేర్వేఱు చిహ్నము లుండు ననియు నందుఁ జెప్పఁబడినది. కాలుసేతులును, దంతములును, గోళ్లును నల్లనై, మాంసమును జర్మమును సడలి, నోట నురుగు గలిగినచో విషమృతుఁడని గుర్తింపవలయును. అంతటితోఁ గౌటిల్యుఁడు తృప్తి నొందలేదు. భుక్తశేషమును బాఠభేదమును బట్టి పాలతోఁ గాని పక్షులచేతఁ గాని పరీక్షింపవలయు ననెను. హృదయభాగమునుండి తీసినదానిని నిప్పున వేసినపుడు చిటచిట ధ్వనియు, ఇంద్రధనుస్సు వన్నెలును గలిగినచో విషమున్నట్లు తెలియవలయు ననెను. పిదప మృతునిచేఁ దిట్లు దెబ్బలు తినిన పరిచారకులను, దాయభాగమును గోరు బంధువులను విచారింపుమనెను. ఈ క్రమము గమనింపఁదగినది. శరీరచిహ్నమొకటి, వస్తుపరీక్ష యొకటి, లోకవృత్తవిచారణ మొకటి, యిట్లు మూఁడును గలిసిననే నిర్ణయము. ఏ యొక్కదానికిని సంపూర్ణప్రామాణ్య మీయఁబడలేదు.

సంశయగ్రస్తమైన లేఖ్యమునుగూర్చి యాజ్ఞవల్క్యుఁడు విధించినదియు నిట్టిదే. పత్రము వ్రాసినవాని స్వహస్తలేఖనముతోఁ బోల్చి చూచుట మొదటిది. కాని దానితో నాఁగక యుక్తి, ప్రాప్తి, క్రియ, చిహ్నము, సంబంధము, ఆగమము, హేతువు నను వానిచేతఁ బత్రశుద్ధి నిర్ణయింపవలయునని యతఁడు చెప్పెను. ఆ దేశమున నా కాలమున నా మనుష్యున కా ద్రవ్యము కలిగియుండుట సంభవమా, ఇచ్చినవానికిఁ బుచ్చుకొన్నవానికిఁ బూర్వసంబంధ మున్నదా యనునవి యన్నియు విచారణీయములే. అక్షరముల పోలికమాత్రము చాలదని తాత్పర్యము. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు మితాక్షర రచించెను. పదుమూఁడవ శతాబ్దమునఁ దిక్కనసోమయాజికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, యా వ్యవహారధర్మమును విజ్ఞానేశ్వరమను పేరఁ బద్యకావ్యముగాఁ దెనిఁగించెను. కాఁబట్టి సాక్షి, లిఖితము, భుక్తి, దివ్యము మున్నగు ప్రమాణముల చర్చ యాంధ్రులకుఁ దమ భాషయందే యేడువందలయేండ్లనుండి లభించుచున్నది.

ప్రాచీనసభలో తజ్జ్ఞునకుఁ బ్రత్యేకస్థాన ముండెను. సభకు దశాంగములు చెప్పిన బృహస్పతి వానిలో గణకుని, లేఖకునిఁ జేర్చెను. ద్రవ్యమును లెక్కించువాఁడు గణకుఁడు, వ్రాయువాఁడు లేఖకుఁడు. వీరు వాదిపక్షమువారు గాని ప్రతివాదిపక్షమువారు గాని కారు, సభకుఁ జెందినవారు. కర్షకులు, శిల్పులు, వడ్డివ్యాపారులు, శ్రేణులవారు మున్నగువారి వివాదములు వారి వారి ధర్మమునుబట్టియే తీర్పఁదగిన వనియు, ఇతరుల కది యశక్యము గనుకఁ దజ్జ్ఞులచేతనే నిర్ణయింపఁజేయవలయు ననియు నిబంధనగ్రంథములలో నుదాహరింపఁబడు స్మృతివచనము గలదు. తజ్జ్ఞుఁడను పదమున కింతకంటె సముచితమైన ప్రయోగ మక్కఱలేదు. ఐనను యుక్తిహీనమైన విచారణచే ధర్మహాని కలుగునని చెప్పినవాఁడును బృహస్పతియే. శాస్త్రమునకే యుక్తి తోడు గావలసినపుడు శాస్త్రజ్ఞుని మాటకు దాని యావశ్యకత చెప్ప నేల?

దివ్యముల కీ లక్షణము లేదు. తుల, అగ్ని, జలము, విషము, కోశము నను నైదు దివ్యములందును ఫలము కనఁబడునే కాని హేతువు కనఁబడదు. కాలిన చేతిని బట్టి దోషి యనిరి. కాలని చేతిని బట్టి శుద్ధుఁ డనిరి. ఏల యని యడుగుట కవకాశము లేదు. మానుషప్రమాణము లున్నచోట దివ్య మక్కఱలేదని ధర్మశాస్త్రకారులే దానికి హద్దు గట్టిరి. ఈ భేదమును మనసున నుంచుకొని తరువాతి చరిత్రము చూడవలయును. హేతువు చెప్పని తజ్జ్ఞుని వాక్యము పేరునకు శాస్త్రమైనను స్వభావమున దివ్యమునకే చేరును.

నేఁడు భారతదేశమున నడచుచున్న సాక్ష్యవిధానము ఇంగ్లండునుండి వచ్చినది గనుక నా దేశపు వృత్తాంతము కొంత తెలియవలయును. అచ్చటను మొదటఁ దజ్జ్ఞుఁడు సభకే చెందియుండెను. వైద్యవిషయమున వైద్యులను, వర్తకవిషయమున వర్తకులను న్యాయాధిపతులే పిలిపించి సలహా యడుగుచుండిరి. ఇతరశాస్త్రముల విషయము వచ్చినపుడు న్యాయవాదులు తమకుఁ దెలియనిదానికై యా శాస్త్రము నాశ్రయించుట శ్లాఘ్యమని 1554 వ సంవత్సరపు వ్యాజ్యెమున సాండర్సు అను న్యాయాధిపతి పలికెను. కాలక్రమమున వాదిప్రతివాదులే సాక్షులను దెచ్చుట, ఎదిరిపక్షము న్యాయవాదులు వారిని గ్రుచ్చి గ్రుచ్చి యడుగుట, జూరీవారు విని నిర్ణయించుట యను పద్ధతి స్థిరపడెను. అప్పుడు సభవాఁడైన తజ్జ్ఞుఁ డొకపక్షమువాఁడయ్యెను. చూచినదికాక తోఁచినది చెప్పువానిని సాక్షిగా నంగీకరింపవచ్చునా యను సంశయ మట్టియెడలఁ దలయెత్తెను.

ఆ సంశయమును దీర్చిన వ్యాజ్యెము 1782 వ సంవత్సరమున నడచినది. నార్ఫోకు మండలమున సముద్రతీరమునందు వెల్సు అను చిన్నరేవు గలదు. అది నానాఁటికి నిసుక మేటవేసి పూడిపోవుచుండెను. ఫోక్సు అను భూస్వామి యుప్పునీటిపఱ్ఱను సాగులోనికిఁ దెచ్చుకొనుటకై కట్టిన కరకట్టయే దీనికిఁ గారణమని రేవుపాలకులు తలంచి దానిని గొట్టివేయఁ బూనిరి. పూర్వము పోటునీరు పఱ్ఱమీఁదికిఁ బ్రాకి మరల వేగముతో దిగుచు రేవునందలి యిసుకను గడిగివేయు ననియు, కట్టవలన నా వేగము తగ్గిన దనియు వారి వాదము. ఫోక్సు పక్షమున జాన్ స్మీటను సాక్షిగా వచ్చెను. ఎడ్డిస్టను రాతిపై 1759 లో దీపస్తంభమును గట్టి కీర్తినందిన యింజనీరతఁడే. రేవు పూడుట ప్రకృతిసహజమైన కారణములవలననే కాని కట్టవలనఁ గాదని యతని యభిప్రాయము. ఇది చూచిన సంగతి కాదు, కేవలాభిప్రాయ మని యెదిరిపక్షమువా రాక్షేపింపఁగా విచారణ చేసిన న్యాయాధిపతి యా సాక్ష్యమును ద్రోసివేసెను.

వ్యాజ్యెము ప్రధానన్యాయమూర్తియగు లార్డు మాన్స్‌ఫీల్డు నెదుటికి వచ్చినపుడు సిద్ధాంతము మాఱెను. కట్ట యెప్పుడు కట్టిరి, రేవు ఎంత పూడెను అను సంగతులందు వివాదము లేదు. వానినుండి యేమి యూహింపవలయు ననుటయందే వివాదము. అట్టిచోట నా శాస్త్రమెఱిఁగినవాని యభిప్రాయమే తగిన సాక్ష్యము. రేవుల నిర్మాణము నెఱిఁగిన స్మీటను తప్ప మఱియెవ్వఁడు చెప్పఁగలఁడు? ఇది మాన్స్‌ఫీల్డు తీర్పునందలి సారము. ఆ తీర్పునందే మఱియొక సంగతియుఁ గలదు. అదే తీరమునఁ గట్టలులేని యితర రేవులును బూడిపోవుచున్నవా యనునది విచారింపఁదగినదని యతఁడు చెప్పెను. తజ్జ్ఞుని మాటను దూచుటకుఁ దగిన తక్కెడను దజ్జ్ఞునితోపాటుగనే లోనికి రానిచ్చె నన్నమాట. కట్ట లేనిచోటఁగూడ రేవు పూడినచో స్మీటను యూహకు బలము గలుగును. పూడనిచో నది చెడును. అన్వయవ్యతిరేకములచేఁ గార్యకారణభావమును నిర్ణయించుట మన తార్కికులకుఁ గ్రొత్త కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున రసాయనశాస్త్ర మీ సాక్ష్యమున కెక్కుడు గౌరవము దెచ్చెను. ఎక్కుడు ప్రమాదమును దెచ్చెను. ఆ కాలమున యూరపునందు హంతకులకుఁ బ్రియమైన విషము శంఖపాషాణము. దానికి రంగు లేదు, రుచి లేదు. వ్యాధిలక్షణములు వాంతిభేదులతో సమానములు. 1832 వ సంవత్సరమున నింగ్లండునఁ దాతకు విషము పెట్టెనన్న నేరము మోపఁబడిన మనుమని విచారణమున, వూలిచ్ ఆయుధశాలయందలి రసాయనశాస్త్రజ్ఞుఁడు జేమ్సు మార్షు పాషాణమును బసుపువన్నె మడ్డిగాఁ జూపెను. కాని జూరీవారు చూచునప్పటికి నది చెడిపోయియుండెను. మనుమఁడు విడుదల నొందెను. నేరము చేసినమాట నిజమేయని పిమ్మట నొప్పుకొనెను. మార్షు పట్టుదలతోఁ గృషిచేసి 1836 లోఁ గ్రొత్తపరీక్ష ప్రకటించెను. తుత్తునాగమును, ఆమ్లమును గలిపి వాయువు పుట్టించి, సందేహింపఁబడిన ద్రవ్యమును దానియందు వేసి, వెలువడు వాయువును మండించి, చల్లని పింగాణిపలకను జ్వాలకుఁ బట్టినచోఁ బాషాణము లేశమున్నను నల్లనియద్దమువలె నంటుకొనును. జూరీవారి కన్నులకుఁ గనఁబడునట్లు శాస్త్రము తన హేతువును దానే ప్రత్యక్షముగాఁ జూపె ననవచ్చును.

కాని సూక్ష్మపరీక్షకు సూక్ష్మదోషములుండును. తుత్తునాగమునందును, ఆమ్లమునందును సహజముగా నొకింత పాషాణముండవచ్చును. శ్మశానపు మట్టియందు నుండవచ్చును. 1840 వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమునఁ ద్యూల్ పట్టణమందు, భర్తకు విషము పెట్టెనని మేరీ లఫార్జు అను నామెపై నడచిన విచారణమున నిదియే సంభవించెను. స్థానికరసాయనశాస్త్రజ్ఞులలో నొకసారి విషము గలదనియు, మఱియొకసారి లేదనియుఁ దేలెను. తుదకుఁ బారిసునుండి విషశాస్త్రమున నగ్రగణ్యుఁడగు ఓర్ఫిలా వచ్చి, మార్షు పరీక్షచే మృతశరీరమునఁ బాషాణము చూపి, యది తాను వాడిన ద్రవ్యములనుండి కాని పాతిపెట్టిన మట్టినుండి కాని వచ్చినది కాదని వాదించెను. ఆమెకు యావజ్జీవకఠినశిక్ష విధింపఁబడెను. ప్రతివాదిపక్షమువారు పిలిపించిన రస్పాయి యను శాస్త్రజ్ఞుఁడు చేరునప్పటికే తీర్పు ముగిసెను. ఓర్ఫిలాను బ్రశ్నింపఁదగిన విద్యగలవాఁ డా సభయం దొక్కఁడును లేఁడు. ఆమె దోషియా కాదా యను వివాద మా దేశమునఁ జిరకాలము నడచుటకు నిదియొక ముఖ్యకారణము. 1852 లో నామె క్షమాపణ పొంది, యా సంవత్సరమే మరణించెను.

ఇంగ్లండున 1859 లో నడచిన స్మెతర్‌స్టు వ్యాజ్యెము ఇంతకంటె స్పష్టమైన పాఠము నేర్పినది. తనతోఁ గాపురముచేయుచున్న స్త్రీకి విషము పెట్టెనని వైద్యుఁడగు స్మెతర్‌స్టుపై నేరము మోపఁబడెను. పరీక్షకుఁడు ఆల్‌ఫ్రెడ్ స్వేన్ టైలరు. ఆంగ్లదేశమున వైద్యన్యాయశాస్త్రమునకు గురుస్థానీయుఁడు. ఇంట దొరకిన సీసాలోని ద్రవమున రాగివల నుంచి పరీక్షించి యందుఁ బాషాణము గలదని యతఁడు మొదటఁ జెప్పెను. తరువాతి పరిశోధనమున నా పాషాణము సీసాలోనిది కాదనియు, పరీక్షకై తాను వాడిన రాగియందలిదే యనియుఁ దేలెను. సీసాలోని లవణము రాగిని గరఁగించి దానియందు దాఁగియున్న మాలిన్యమును వెలికిఁ దెచ్చినది. టైలరు తన పొరపాటును న్యాయస్థానమున నొప్పుకొనెను. ఐనను జూరీవారు నేరము స్థిరపఱచిరి, మరణశిక్ష విధింపఁబడెను. వైద్యులును, న్యాయవాదులును బత్రికలయందు గొప్ప యాందోళనము చేయఁగా, హోంమంత్రి యా సాక్ష్యమునంతను శస్త్రవైద్యప్రవీణుఁడగు సర్ బెంజమిన్ బ్రాడీకి నప్పగించెను. నేరము నిస్సంశయముగా ఋజువు కాలేదని యతఁడు తెలుపఁగా స్మెతర్‌స్టు ఉరినుండి తప్పించుకొనెను. టైలరు పాండిత్యమునఁ గొఱఁత లేదు. పేరునఁ గొఱఁత లేదు. కొఱఁత యంతయు నతఁడు వాడిన రాగియందుండెను. ఆ రాగిని బరీక్షింపక, యతని పేరుమాత్రము చూచినవారికి నా కొఱఁత యెన్నటికిని దెలిసియుండదు.

రసాయనశాస్త్రమున వస్తువైనఁ గలదు. లిపిపరీక్షయం దభిప్రాయమున కెట్టి కట్టును లేనిచో నేమగునో ఫ్రాన్సుదేశమందలి డ్రైఫస్ వృత్తాంతము తెలుపుచున్నది. సైనికరహస్యములు జర్మనుల కమ్మఁజూపిన యొక జాబితా 1894 లో దొరకెను. దానిని వ్రాసినవాఁడు కెప్టెన్ డ్రైఫస్ అని యనుమానించిరి. నేరస్థుల యంగములను గొలిచి గుర్తించు పద్ధతిని గనిపెట్టి లోకవిఖ్యాతి నందిన బెర్టియాన్ అను పోలీసుశాఖాధికారి లిపిపరీక్షకుఁడు కాకున్నను బరీక్షకుఁడుగాఁ బిలువఁబడెను. జాబితాలోని యక్షరములు డ్రైఫస్ దస్తూరితోఁ గలిసినచోట నది యతని వ్రాఁత యనెను. కలియనిచోట నతఁడే తన వ్రాఁతను గూటముగా మార్చుకొనె ననెను. పోలికయుఁ బ్రమాణమే, భేదమును బ్రమాణమే యైనచో నే నిరపరాధి తప్పించుకొనఁగలఁడు? విరోధోదాహరణమున కవకాశములేని హేతువు హేత్వాభాసమని తర్కము చదివిన ప్రతిబాలుఁడు నెఱుఁగును. డ్రైఫస్ ద్వీపాంతరవాసమునకుఁ బంపఁబడెను. 1904 లోఁ బునర్విచారణసందర్భమున దార్బూ, అప్పెల్, పోంకరే యను ముగ్గురు గణితశాస్త్రవేత్తలు బెర్టియాన్ లెక్కలను శోధించి, యవి శాస్త్రీయములు కావని నిరూపించిరి. 1906 లో డ్రైఫస్ నిర్దోషి యని ప్రకటింపఁబడెను. జాబితా వ్రాసినవాఁడు ఎస్టర్‌హేజీ యను వేఱొక సైనికోద్యోగి. శాస్త్రజ్ఞుని తప్పును దిద్దుటకు మఱల శాస్త్రజ్ఞులే కావలసివచ్చిరి. పండ్రెండేండ్లు గడచుటమాత్రము న్యాయస్థానపు దోషము.

మన దేశమున నాంగ్లన్యాయస్థానములు మొదటఁ బిలిచిన తజ్జ్ఞులు రసాయనశాస్త్రజ్ఞులు కారు, సంస్కృతపండితులు. హిందువుల దాయభాగవివాహాదివిషయములందు వారి శాస్త్రమునుబట్టియే తీర్పు చెప్పవలయునని 1772 లో వారన్ హేస్టింగ్సు నిర్ణయించెను. అది మొదలు న్యాయస్థానములఁ బండితులు నియమింపఁబడిరి. న్యాయాధిపతి ప్రశ్న వ్రాసి పంపఁగాఁ బండితుఁడు వ్యవస్థ వ్రాసి యిచ్చుచుండెను. ఆ వ్యవస్థ సరియైనదియో కాదో తెలిసికొనుటకు న్యాయాధిపతికి సంస్కృతము రాదు. 1783 లోఁ గలకత్తాకు న్యాయాధిపతిగా వచ్చిన సర్ విలియం జోన్సు ఇట్లు పరాధీనుఁడై తీర్పు చెప్పుట కిష్టపడలేదు. అతఁడు సంస్కృతము నేర్చుటకు నిదియొక ప్రబలకారణము. అతని ప్రయత్నమున జగన్నాథతర్కపంచాననులు వివాదభంగార్ణవము రచించిరి. దానిని గోల్‌బ్రూకు ఇంగ్లీషులోనికిఁ బరివర్తించెను. 1864 లో న్యాయస్థానపండితుల యుద్యోగములు తీసివేయఁబడెను. పండితులయెడ జోన్సు శంక యెంతవఱకు న్యాయ్యమో వేఱుగ విచారింపవలసిన సంగతి. తజ్జ్ఞుని వాక్యమును శోధింపఁజాలని న్యాయాధిపతి నిజముగా న్యాయాధిపతి కాఁడని యతఁడు గ్రహించుటమాత్రము ప్రశంసనీయము.

పండితులు నిష్క్రమింపకమునుపే రసాయనపరీక్షకులు ప్రవేశించిరి. 1849 లోఁ జెన్నపట్టణమున రసాయనపరీక్షకుని ప్రయోగశాల స్థాపింపఁబడెను. కలకత్తా, ఆగ్రా, బొంబాయి నగరములందు నిట్టివి తరువాతఁ గలిగినవి. కలకత్తాయందు నార్మన్ చీవర్సు 1856 లోఁ బ్రకటించిన వైద్యన్యాయగ్రంథమును జూచినచో నీ శాలల యావశ్యకత తెలియును. బాటసారుల యన్నమున నుమ్మెత్తగింజలు గలిపి మైమఱపించి దోఁచుకొను దొంగలును, తోళ్లకొఱకుఁ బశువులకుఁ బాషాణము పెట్టువారును దేశమంతట నుండిరి. పరీక్షకుని నివేదికను బట్టియే సాక్ష్యముగా గ్రహింపవచ్చునని 1898 వ సంవత్సరపు నేరవిచారణస్మృతియందు 510 వ విధి యేర్పడెను. దూరమండలముల న్యాయస్థానములకుఁ బరీక్షకుఁడు పోవుట కష్టము గనుక నిది సౌకర్యమే. కాని కాగితమును గ్రుచ్చి గ్రుచ్చి యడుగుటకు వీలులేదు. టైలరు సీసావంటి సంగతి నివేదికయందు వ్రాయఁబడదు, ప్రశ్నింపఁగా బయటఁబడును. పరీక్షకుని రప్పించి విచారించు నధికారము న్యాయస్థానమునకు 1973 వ సంవత్సరపు స్మృతియందలి 293 వ విధిచేతను స్పష్టముగాఁ జెప్పఁబడినది.

సర్ జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను రచించిన సాక్ష్యపుఁజట్టము 1872 వ సంవత్సరము సెప్టెంబరు 1 వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. విదేశధర్మము, శాస్త్రము, కళ, చేవ్రాలు అను వానియందు విశేషనైపుణ్యము గలవారి యభిప్రాయములు గ్రాహ్యములని దాని 45 వ విధి. విషలక్షణములు, ఉన్మాదము, చేవ్రాలు అను నుదాహరణము లందుఁ గలవు. అభిప్రాయమును బలపఱచు సంగతులును, దానికి విరుద్ధమైన సంగతులును గ్రాహ్యములని 46 వ విధి. దీని కిచ్చిన రెండవ యుదాహరణము పరిశీలింపఁదగినది: ఒక రేవు పూడుటకు సముద్రపుగోడ కారణమా యను ప్రశ్న వచ్చినపుడు, అట్టిగోడలేని యితర రేవులును నా కాలముననే పూడుట గ్రాహ్యమైన సంగతి. ఇది వెల్సు రేవే. పేరు చెప్పకయే మాన్స్‌ఫీల్డు తీర్పు సారము నంతయు స్టీఫెను రెండుపంక్తులలో నిమిడ్చెను. అభిప్రాయమునకుఁ గారణములును గ్రాహ్యములని 51 వ విధి. తజ్జ్ఞుఁడు తాను చేసిన ప్రయోగములను వివరింపవచ్చునని యందలి యుదాహరణము. ఈ మూఁడు విధులును గలిపి చదివిననే చట్టముయొక్క భావము బోధపడును. 45 వ విధి తజ్జ్ఞునకు ద్వారము తెఱచినది. 46, 51 విధు లతని చేతఁ దక్కెడ పెట్టినవి. మొదటిది మాత్రము చదివి తక్కినవి మఱచినవారివలననే ప్రమాదములు వాటిల్లుచున్నవి.

ఈ చట్టమునకు 1899 లో 5 వ ఆక్టుచే వేలిముద్రలు చేర్పఁబడినవి. దీని కథ భారతీయమే. 1858 లో వంగదేశమున జంగీపురమందు విలియం హర్షెలు అను నుద్యోగి యొక యొడంబడికపై గుత్తదారుని యఱచేతిముద్ర వేయించుకొనెను. 1897 లోఁ గలకత్తాయందు వేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను 1,024 గూళ్లుగా విభజించు పద్ధతి ఎడ్వర్డు హెన్రీ పేరఁ జెలామణి యగుచున్నను, దాని గణితము గట్టుటయందు నజీజుల్ హక్, హేమచంద్రబోసు లను దేశీయోద్యోగుల కృషి ముఖ్యము. జల్పాయిగుడి మండలమున నొక తేయాకుతోఁట నిర్వాహకుఁడు హత్యచేయఁబడఁగా, అతని పెట్టెలోని వంగభాషాపంచాంగముపై గోధుమవన్నె బొటనవ్రేలిముద్ర కనఁబడెను. పూర్వ మతనియింట దొంగతనము చేసి శిక్షపడిన సేవకుని ముద్రతో నది సరిపోయినదని కార్యాలయము తెలిపెను. 1898 లో విచారించిన న్యాయాధిపతియు, అసెసర్లును వానిని జౌర్యమునకు శిక్షించిరి, హత్యానేరమునుండి విడిచిరి. ముద్రవలన వాఁడు పెట్టె ముట్టిన ట్లేర్పడును. కత్తి పట్టిన ట్లేర్పడదు. శాస్త్ర మెంతదూరము వచ్చునో యంతవఱకే దానితో నడచి, యచట నిలిచిన యా సభవారి వివేకము కొనియాడఁదగినది.

స్వాతంత్ర్యానంతరమున సర్వోన్నతన్యాయస్థాన మీ మార్గమునే స్థిరపఱచినది. 1980 లో మురారిలాల్ వ్యాజ్యెమున, పూర్వ మాంధ్రప్రదేశపు టున్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండిన చిన్నపరెడ్డిగారు లిపిపరీక్షకుల సాక్ష్యమునుగూర్చి తీర్పు చెప్పిరి. తజ్జ్ఞుఁడు నేరమునఁ బాలుపంచుకొన్నవాఁడు కాఁడు గనుక నతని మాటకు నితరసాక్ష్యపుఁ దోడు నియతముగా నుండవలయునను నియమము లేదు. లిపిశాస్త్ర మింకను బరిపూర్ణత నొందలేదు గనుక జాగరూకత యవసరము. కారణములు శోధించి, యవి దృఢములైనచో నంగీకరింపవలయును. 1999 లో హిమాచలప్రదేశమందలి యాపిలుతోఁటల నష్టపరిహారవివాదమునను, న్యాయాధిపతి తానే సత్యాసత్యములు తూచుకొనుటకుఁ దగిన శాస్త్రీయాధారముల నందించుటయే తజ్జ్ఞుని ధర్మమని యా స్థానమే పలికినది. హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్రకేంద్రమున లాల్జీసింగుగారు వృద్ధిచేసిన డీఎన్ఏ పరీక్ష, కేరళమందలి తలచ్చేరి న్యాయస్థానమునఁ బితృత్వవివాదమును దీర్చుట కుపయోగపడి, దేశమున నీ జాతి సాక్ష్యమునకు నాది యయ్యెను. ఇదియుఁ బూర్వపరీక్షలవలెనే నమూనాల శుద్ధిపై, పరీక్షకుని జాగరూకతపై నాధారపడియున్నది. 1872 వ సంవత్సరపు చట్టమునకు బదులు 2023 వ సంవత్సరపు భారతీయసాక్ష్యఅధినియమము 2024 వ సంవత్సరము జులై 1 వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. అందుఁ దజ్జ్ఞాభిప్రాయము 39 వ విధి. వెల్సు రేవునాఁటి యుదాహరణము 40 వ విధియందు నిలిచియున్నది. కారణములనుగూర్చినది 45 వ విధి.

ఇంతవఱకుఁ జూపిన వృత్తాంతములవలన సిద్ధించునది యొక్కటి. తజ్జ్ఞుఁడు చూడనిదానికి సాక్షియగుట యతని బిరుదమువలనఁ గాదు. చూచినవారికిఁ దెలియని కార్యకారణసంబంధమును సభవారికిఁ జూపఁగలుగుటవలననే యతఁడు సాక్షి. ఆ సంబంధమును జూపినంతకాలము పాణిని చెప్పిన వ్యుత్పత్తియు నతనికిఁ జెల్లును; ఏలయన హేతువును సాక్షాత్తుగాఁ జూచినవాఁ డతఁడు, దానిని సభవారిచేతఁ జూపింపఁగలవాఁడు నతఁడు. హేతువు చూపక ఫలము మాత్రము చెప్పినపు డతని వాక్యమునకును, కాలిన చేతికిని భేదములేదు. కౌటిల్యుని కాలమునుండి నేఁటివఱకు విషపరీక్షలు మాఱినవి, లిపులు మాఱినవి, చట్టములు మాఱినవి. యుక్తిహీనమైన విచారణచే ధర్మహాని యగునను బృహస్పతి శాసనముమాత్రము మాఱలేదు. ధర్మాసనమున నాసీనుఁడైనవాని కది యెంత యావశ్యకమో, బోనునందు నిలువఁబడిన శాస్త్రజ్ఞునకును నంత యావశ్యకము.